బంగార్రాజు గుండెలో కరెంటు

ఇదివరకు మా ఇంట్లో పప్పు ఒక్క గిన్నెలోనే ఉడికేది. ఉప్పు, చింతపండు, ఎండుమిరప అన్నీ అందులోనే పడేవి. ఇప్పుడు ముందు ఒక చిన్న గిన్నెడు చప్పటి పప్పు తీసి పక్కన పెడతాను. ఆ తర్వాతే ఉప్పు డబ్బా మూత తీస్తాను. ఆ చిన్న గిన్నె మా మరిది బంగార్రాజుది. దాని పక్కన ఒక అరటిపండు కూడా ఉండాలి. పండు లేకపోతే సాక్చి బజారుకి మనిషిని పంపైనా సరే తెప్పించాలి. ఇంతకు ముందు అరటిపండంటే దేవుడి ముందు పెట్టేదని తప్ప నాకేం తెలుసు!

మా ఆయన సూర్యం పోయినప్పటి నుంచీ రెండిళ్ళ వంటా ఒక్క పొయ్యి మీదే. బంగార్రాజు ఆయన తమ్ముడు. రత్నం బంగార్రాజు భార్య, నాకు తోటికోడలు. ఈ హిందీ రాష్ట్రపు ఉక్కు కంపెనీ ఊళ్ళో, సీతారాండేరా బస్తీలో, మా రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడ ఉంది. ఆ గోడ మీద నుంచే రత్నం మాట్లాడుతుంది, నేను వింటాను. అదొక ఏర్పాటు.

బంగార్రాజు టెక్కలి దగ్గర పల్లె నుంచి మీసం రాకముందే అన్న వెనకాల ఇక్కడికి వచ్చాడు. కంపెనీలో ముందు గొలుసులు మోశాడు. తర్వాత కింద నిలబడి క్రేనుకి చేత్తో సైగలు చేసే పని. ఆ పైన చాలా ఏళ్ళకి క్రేనే చేతికిచ్చారు. షెడ్డు కప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరకి పట్టాల మీద తిరిగే క్రేను అది. నిచ్చెన ఎక్కి పైన చిన్న గదిలో కూర్చోవాలి. కింద మనుషులు చీమల్లా కనబడతారట. అక్కడ కూర్చుని ఇనప దిమ్మల్ని ఎత్తి, ఎక్కడ పెట్టమంటే అక్కడ దింపుతాడు.

అతనికి క్రేనంటే జీతం మాత్రమే కాదు. ప్రతి ఏడూ మన తెలుగువాళ్ళు ఉగాదికి వేసే నాటకంలో రాజు వేషం అతనిదే. పద్యం ఎత్తుకుని రాగం తీశాడంటే వెనక వరసలో శనక్కాయలు నమిలేవాళ్ళు కూడా నోరు ఆపుతారు. ఆ సాధన అంతా క్రేను మీదే. కింద మోతకి ఎవరికీ ఏమీ వినబడదు. ఎనిమిది గంటలూ బరువులు ఎత్తుతూ, దింపుతూ, పద్యాలు పాడుకుంటాడు. "ఇంట్లో పాడితే రత్నం తిడతాది, రోడ్డు మీద పాడితే కుక్కలు మొరుగుతాయి. నాకు ఆ పైనొక్కటే చోటు వదినా" అనేవాడు.

ఎనభై రెండులో ఆ చోటుకే ముప్పొచ్చింది.

అంతకు ముందు ఏడు కంపెనీ వాళ్ళ పరీక్షలో బీపీ ఉందన్నారు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఉమామహేశ్వర్ గారని మన తెలుగాయన, గుండె చూస్తారు. ఆయన నీళ్ళ మాత్ర రాసిచ్చారు. ఒంట్లో ఎక్కువున్న ఉప్పూ నీరూ బయటకి పోతాయి, రక్తం పోటు తగ్గుతుంది అన్నారు. ఊరగాయ మానమన్నారు, బుగ్గన పెట్టే ఖైనీ పొగాకు మానమన్నారు. బంగార్రాజు మాటంటే మాటే. ఖైనీ డబ్బా తీసుకెళ్ళి సువర్ణరేఖ ఏట్లో పారేసి వచ్చాడు. రత్నం పండగ చేసుకుంది. ఇద్దరం కలిసి చప్పటి కూరలు వండటం నేర్చుకున్నాం.

అయినా బీపీ తగ్గలేదు. ఇంకా ఎక్కింది. ఒక మాత్ర రెండయింది.

మాఘమాసంలో ఒకరోజు డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చి మా అరుగు మీద కూర్చుండిపోయాడు. నిచ్చెన సగం ఎక్కేసరికి కాళ్ళు తడిబట్టల్లా వేలాడిపోయాయట.

"గుండె తాళం తప్పుతంది వదినా" అన్నాడు. "ఒక దెబ్బ ముందే పడిపోతంది. ఆ తరవాత ఖాళీ. మళ్ళీ దబ్బుమని పెద్ద దెబ్బ. హార్మనీ వోడు తప్పితే తిట్టొచ్చు. దీన్నేటి తిడతాం?"

"ఫోర్మేనేటన్నాడు?" అంది రత్నం గోడ అవతల నుంచి.

"పహలే మెడికల్, ఫిర్ క్రేన్ అన్నాడు. ముందు డాక్టరు కాయితం, ఆ తరవాతే క్రేనంట. గుండె బాలేదని కాయితం వత్తే ఇంక పైకి ఎక్కనివ్వరు. స్టోర్సులో కూకోబెడతారు, నట్లు లెక్కెట్టుకోమని."

"మంచిదే కదా, కూకుని జీతం తీసుకోడం."

బంగార్రాజు అరుగు మీద నుంచి లేచి, కంపెనీ వైపు తిరిగి నిలబడ్డాడు.  

గుండె కరెంటు పరీక్షకి రమ్మన్నారు. రత్నం రానంది. "అక్కా, బావని పట్టుకెళ్ళిన ఆసుపత్రి అది. పైగా ఒంటికి కరెంటు ఎడతారంట. నాను చూళ్ళేను." వాళ్ళ అమ్మాయి జానకి స్కూలుకి పోతూ, "అరే మా, కుఛ్ నహీ హోతా" అని, ఏమీ కాదని హిందీలో చెప్పింది. రత్నం ఆ మాట వినబడనట్టే ఉండిపోయింది.

మా ఆయన పోయాక నేను గేటు దాటి రేషను షాపుకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. నేను వెళ్తానన్నాను. బంగార్రాజు నన్నోసారి చూసి, "చెప్పులేసుకో వదినా" అన్నాడు.

గదిలో మలయాళీ సిస్టరు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, చల్లటి జెల్లీ రాసి, కాళ్ళకీ చేతులకీ పట్టీలు కట్టి, ఛాతీ మీద రబ్బరు బుడ్డెలు అంటించింది. బంగార్రాజు పైకప్పు చూస్తూ అడిగాడు.

"సిస్టర్, కరెంటెంత? టూ ట్వెంటీయా, ఫోర్ ఫార్టీయా?"

"హిలో మత్" అంది సిస్టరు, కదలొద్దని.

అప్పుడే లోపలికొచ్చిన డాక్టరుగారు నవ్వారు. "మేం పెట్టేదేం లేదయ్యా. నీ గుండె తయారుచేసే కరెంటునే తీసుకుని గీత గీస్తాం."

"నా గుండె తయారుసేత్తాదా?"

"నీదీ, నాదీ, ఈ అమ్మదీ. అందరిదీ."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మిషనులోంచి గళ్ళ కాగితం సర్రున బయటకి వస్తోంది. దాని మీద నల్ల గీత తనంతట తనే పరుగెడుతోంది. చిన్న మిట్ట, నిట్టనిలువు శిఖరం, కొంచెం చదును, మళ్ళీ చిన్న మిట్ట. మనిషి కదలకుండా పడుకున్నాడు, లోపలున్నది మాత్రం అలా రాసుకుపోతోంది! ఇన్నేళ్ళూ నేను గుండె అంటే నీళ్ళ పంపులాంటి కండ అనుకున్నాను. ఆ కండ బిగిసేముందు ప్రతిసారీ ఒక కరెంటు పాకాలని, ఆ పాకడం కాగితం మీదకి వస్తుందని నాకెవరూ చెప్పలేదు. 

డాక్టరుగారు కాగితాన్ని బల్ల మీద పరిచారు. బంగార్రాజు చొక్కా గుండీలు పెట్టుకోకుండానే ఎదుటి కుర్చీలో కూర్చుని వంగి చూశాడు. ఒకచోట గీత మధ్యలో, రావలసిన వేళకి ముందే, వెడల్పుగా ఒక వికారమైన శిఖరం ఉంది. తర్వాత ఖాళీ.

"ఇదే బాబూ" అని వేలు పెట్టాడు. "ఇక్కడే తాళం తప్పింది. నాను సెప్పలేదా వదినా?"

"సరిగ్గా పట్టుకున్నావ్. ఇప్పుడు ఇక్కడ చూడు" అన్నారు డాక్టరుగారు. "ఈ శిఖరం కరెంటు పాకి కండ బిగియడం. దాని వెనక గుండ్రటి మిట్ట ఒకటి రావాలి. కండ తేరుకుని, వచ్చే దెబ్బకి సిద్ధం కావడం అది. నీకు ఆ మిట్ట అణిగిపోయింది. దాని వెనక ఇంకో చిన్న మిట్ట లేచింది. నీ క్రేను హ్యాండిలు ఒకసారి తోశాక మళ్ళీ ఎక్కడికి తెస్తావు?"

"జీరోకండి. జీరోకి రాకుండా మళ్ళీ తోస్తే గొలుసు ఊగిపోతాది. బరువు ఎటెళ్తాదో తెల్దు."

"గుండె కండలో ప్రతి కణమూ అంతే. దెబ్బ పడ్డాక జీరోకి రావాలి. దాన్ని జీరోకి తెచ్చేది పొటాషియం. అదీ ఒక రకం ఉప్పే. కణంలోంచి బయటకి నడిచి, కరెంటుని కిందకి దించుతుంది. నీ ఒంట్లో అది తగ్గింది. అందుకని జీరోకి రావడం ఆలస్యమవుతోంది. ఈలోగా ఏదో ఒక మూల హ్యాండిలు మళ్ళీ కదిలిపోతోంది."

బంగార్రాజు కళ్ళు పెద్దవి చేశాడు. అతను కుర్చీలో కూర్చునే, రెండు చేతులూ గాల్లో పెట్టి హ్యాండిలు తోశాడు, వెనక్కి తెచ్చాడు, మళ్ళీ తోశాడు. సిస్టరు నవ్వాపుకుంది.

నాకు ఒక అనుమానం వచ్చింది. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను. "ఉప్పు మానమన్నారు కదండీ. మరి ఉప్పు తగ్గిందంటున్నారు?"

"మంచి మాటడిగారమ్మా. మానమన్నది కూరలో వేసే ఉప్పు, అది వేరు. నీళ్ళ మాత్ర దాన్ని బయటకి పంపుతుంది. పంపేటప్పుడు ఈ పొటాషియం కూడా వెంట పోతుంది. అది ఆ మాత్రకున్న గుణం. కానీ..." ఆయన కాగితం మళ్ళీ చూశారు. "ఇంత పోకూడదు. పైగా బీపీ దిగాల్సింది పోయి ఎక్కుతోంది. ఇంకేం తింటున్నావయ్యా?"

"ఏటీ తినట్లేదు బాబూ. చప్పటి తిండే. కావాలంటే వదిన్నడగండి."

ఆ మాట అంటుంటే బుగ్గ ఒకవైపు ఉబ్బింది. డాక్టరుగారి చూపు అక్కడ ఆగింది.

"బుగ్గలో ఏమిటది? ఖైనీ మానమన్నాను కదా."

"ఖైనీ కాదండి. అతిమధురం వేరు. గొంతుకండి. మా నాటకాలోళ్ళం అందరం నములుతాం. ఇదివరకు రిహార్సలు రోజుల్లోనే నమిలేవోడ్ని. తమరు ఖైనీ మానెయ్యమన్నాక నోరు ఊరుకోక, రోజంతా ఇదే."

"రోజంతా అంటే?"

"పొద్దున్న లేచిన కాడ్నుంచి. నిద్దట్లో కూడా బుగ్గలోంచి తియ్యనండి."

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. ఒక్క క్షణం ఆయన ముఖం చూస్తే తప్పిపోయిన పిల్లాడు దొరికిన తండ్రి ముఖంలా ఉంది. తలుపు దగ్గరకి వెళ్ళి, అటు పోతున్న ఇంకో డాక్టర్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, హిందీలో, ఇంగ్లీషులో గబగబా చెప్పారు. ఆ రెండో డాక్టరు బంగార్రాజు నోరు తెరిపించి చూశాడు, ఏదో గుళ్ళో విగ్రహం చూసినట్టు.

"నేను మాత్ర పెంచేముందు అడగాల్సిన మాట ఇది" అన్నారు డాక్టరుగారు. "విను. ఒక్కో మూత్రపిండం మీద ఒక చిన్న గ్రంథి ఉంటుంది. ఉప్పు దాచుకో, పొటాషియం పారెయ్ అని అది మూత్రపిండాలకి ఆజ్ఞ వేస్తుంది. నీ వేరు ఎక్కువైతే అచ్చు ఆ ఆజ్ఞే వెళ్తుంది. రాజు సింహాసనం మీద లేకపోయినా ఎవడో రాజు వేషం కట్టి హుకుం జారీ చేసినట్టు. ఉప్పు లోపల నిలిచిపోయి బీపీ ఎక్కుతోంది. పొటాషియం పోతోంది. దాని పైన నా నీళ్ళ మాత్ర కూడా దాన్నే తోస్తోంది. రెండు తలుపులూ తీసి పెట్టాం."

"ఆ రాజు వేషం ఏసింది నానే" అన్నాడు బంగార్రాజు నెమ్మదిగా. తర్వాత బుగ్గలోంచి వేరు తీసి, ఎక్కడ పారెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. నేను చెయ్యి చాపాను.

రక్తం తీయడానికి అతన్ని పక్క గదికి తీసుకెళ్ళారు. నేనూ డాక్టరుగారూ మిగిలాం. ఆ తడి వేరు నా చెంగున మూటగట్టి ఉంది.

"బాబూ, మా ఆయన కూడా గుండెతోనే పోయారు" అన్నాను. "నిరుడు ఆషాఢంలో. ఆయన గీత కూడా ఇలాగే తప్పిందా?"

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "ఆయన కాగితం నేను చూడలేదమ్మా. చూడనిది తెలిసినట్టు చెప్పలేను."

ఏదో ఒకటి చెప్పి పంపేవాళ్ళు చాలామందిని చూశాను. ఆయన అలా చెప్పలేదు. అందుకే ఆయన మిగతా మాటలన్నీ నమ్మాను.

రక్తంలో పొటాషియం బాగా తక్కువుందని తేలింది. ఆ రోజే వార్డులో చేర్చుకున్నారు. నీళ్ళ మాత్ర ఆపేశారు. పొటాషియం సిరప్పు ఇచ్చారు. దాని రుచికి బంగార్రాజు ముఖం పెట్టడం చూడ్డానికే పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చునేవారు. క్రేను సంగతి మాత్రం డాక్టరుగారు తేల్చలేదు. "మళ్ళీ గీత తీస్తాను. సరైతే ఫిట్టు. కాకపోతే కాదు. ఆ వేరు ప్రభావం దిగడానికి వారాలు పడుతుంది" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నేను కొబ్బరినీళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి హార్మనీ ఆదిబాబు మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. నాటకం మేళంలో పెద్దవాడు. చేతిలో ఒక పొట్లం.

"ఇదేటి ఆదిబాబూ?" అన్నాను.

"ఏట్నేదు వదినమ్మా. ఉగాది దగ్గర పడ్డాది. ఈయన గొంతెండిపోతే రాజు వేషం నాను కట్టాల. నాను కడితే జనం లేసి పోతారు. అందుకని కూసింత అతిమధురం..."

బంగార్రాజు ఆ పొట్లం వైపే చూస్తున్నాడు. ఆకలేసినవాడు అన్నం చూసినట్టు చూస్తున్నాడు. "చిన్న ముక్క వదినా. నాలుక మీద ఎట్టుకుని ఉమ్మేత్తాను. ఇది నేకపోతే నా గొంతు గొంతు కాదు."

నేను మామూలుగా ఎవరికీ ఎదురు చెప్పను. ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన మాటకి నేనే తెల్లబోయాను.

"ఆదిబాబూ, ఈయనకి కావాల్సింది వేషమా, క్రేనా? అడుగు."

 బంగార్రాజు కాసేపు దుప్పటి అంచు పీకాడు. "వేషం ఏడాదికొక్క రోజు" అన్నాడు. "నువ్వే కట్టు ఆదిబాబూ. జనం లేసి పోతే పోనీ."

"నాకు కిరీటం వదులు కదరా, నా తల చూడు."

"దూది ఎట్టుకో."

వార్డంతా నవ్వింది. ఆదిబాబు పొట్లం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఉగాదికి కిరీటంలో దూది పెట్టుకునే వేషం కట్టాడు, జనం ఎవరూ లేచిపోలేదని చెప్పుకుంటున్నాడు. మేం వెళ్ళలేదు.

ఇంటికి పంపాక ఆ వారాలు ఎలా గడిచాయో! అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు, చప్పటి పప్పు. బంగార్రాజు అరుగు మీద కూర్చుని ఒక చేత్తో రెండో చేతి నాడి పట్టుకుని, పాదంతో తాళం వేసేవాడు. ముందు తాళం తరచూ తప్పేది. పాదం ఆగిపోయేది. మేం వంటింట్లో ఆ చప్పుడు వింటూ ఉండేవాళ్ళం. తర్వాత తర్వాత తప్పడం తగ్గింది. రత్నం మాత్రం స్టోర్సు పనికి మనసు కట్టేసుకుంది. "నట్లు లెక్కెట్టడం మీద కూడా పద్యం కట్టు, విందాం" అనేది. కానీ పాదం చప్పుడు ఆగితే చేతిలో గరిటె ఆగేది దానికీ.

రెండో గీతకి రత్నం కూడా వచ్చింది. చైత్రంలో, ఉక్కపోసే రోజు. రబ్బరు బుడ్డెలు అంటిస్తుంటే కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. కాగితం సర్రున వచ్చింది. డాక్టరుగారు పాత కాగితం తెచ్చి కొత్తదాని పక్కన పరిచారు.

నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. శిఖరం వెనక ఆ గుండ్రటి మిట్ట లేచి నిలబడి ఉంది! ప్రతి శిఖరం వెనకా. కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి వెతికాను. వేళకి ముందు దూకిన వికారపు శిఖరం ఒక్కటి కూడా లేదు.

"జీరోకి వత్తందా బాబూ?" అన్నాడు బంగార్రాజు పడుకునే.

"వస్తోంది. ప్రతిసారీ."

రక్తంలో పొటాషియం సరిగా ఉంది. బీపీకి వేరే మాత్ర ఇచ్చారు. తొందరపడమని గుండెకి వచ్చే కబురుని అది తగ్గిస్తుందట. కరెంటు గుండె పై గదుల్లోంచి కింది గదుల్లోకి దిగేటప్పుడు ఒక్క రవ్వ నిదానిస్తుందట. మరీ నెమ్మదిస్తే, కళ్ళు తిరిగితే వెంటనే రావాలని, మాత్ర తనంతట తను ఆపకూడదని రెండుసార్లు చెప్పారు.

"విలంబంలో, నిదానంగా పాడమన్నమాట" అన్నాడు బంగార్రాజు.

"మెట్లెక్కి చూపించు, అప్పుడు చెప్తాను ఫిట్టో కాదో."

ఆసుపత్రి మెట్లు పైదాకా ఎక్కి దిగాడు. మేమిద్దరం కింద నిలబడి తలలెత్తి చూశాం. రత్నం పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో. డాక్టరుగారు నాడి పట్టుకున్నారు, బీపీ చూశారు, మళ్ళీ నాడి పట్టుకున్నారు. ఆ తర్వాత కలం తీశారు.

ఇంటికొచ్చేసరికి ఆకాశం బొగ్గులా నల్లబడింది. ఈ ఊరి చైత్రపు గాలివాన సంగతి తెలిసిందే, చెప్పకుండా వచ్చి మీద పడుతుంది. బంగార్రాజు లోపలికి వెళ్ళి ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"ఈ రోజేటి డ్యూటీ?" అంది రత్నం. "రేపెల్లకూడదా? వానొత్తంది."

"మద్దేనం బీ షిఫ్టుకి ఇంకా టైముంది. కాయితం చూపిస్తే ఈ రోజే ఎక్కిత్తారు. వేరు నేకుండా నా గొంతు ఎలా పలుకుతాదో పైన చూసుకోవాల."

"తిని ఎల్లు."

"ఈ పండు సాలు." సైకిలు ఎక్కాడు. అరటిపండు జేబులోంచి సగం బయటకి కనబడుతోంది.

నేను వీధిలోకి వచ్చాను. నా వెనక రత్నం వచ్చింది. మొదటి చినుకులు పెద్దవిగా, దూరదూరంగా పడ్డాయి. దుమ్ము లేచింది. గాలికి సైకిలు ఒకసారి ఊగింది, నిలదొక్కుకుంది, మలుపు వైపు సాగింది.

"అక్కా, తీగ మీద బట్టలు" అంది రత్నం. "ఉతికినవన్నీ ఆరేసున్నాయి. తడిసిపోతన్నాయి."

నాకూ తెలుసు. పొద్దున్న నేనే ఉతికి ఆరేశాను. దుప్పట్లతో సహా.

సైకిలు ఇంకా కనబడుతోంది. "తడవనీ" అన్నాను.

రత్నం నా ముఖం చూసింది. తర్వాత తనూ మలుపు వైపు తిరిగి, నా పక్కనే వానలో నిలబడింది.